గూడబాతులు లేవకముందు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే అందరికంటే ముందు వరమ్మ లేచి నిలబడింది. ఆవిడ లేచిందంటే భీమడోలు సంఘంలో అందరికీ తెలుసు, ఏదో ఒక భయం చెప్పుకుని ప్రార్థన చేయమంటుందని. గ్యాసు బండ దగ్గర వాసనొస్తోందని ఒక వారం, భర్త ఎలీయాజరు దగ్గులో ఏదో తేడా ఉందని ఒక వారం, కూతురు బిందు ఎక్కిన కాలేజీ బస్సు డ్రైవరు ఆవులిస్తున్నాడని ఒక వారం. గంటకొకరు చొప్పున వంతులేసుకుని చేసే గొలుసు ప్రార్థనకి పేర్లు రాసే కనకమ్మ గారు అప్పుడే పుస్తకం తెరిచి, ఎవరికి ఏ గంట వేయాలా అని కలం పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

కానీ ఆ రోజు వరమ్మ మొహం వెలిగిపోతోంది.

"దేవునికి స్తోత్రం. మా బిందు పైలట్ ట్రైనింగుకి సెలక్టయ్యిందండి. ఫీజంతా ట్రస్టు వాళ్ళే చూసుకుంటారంట. రెండు స్కూళ్ళ పేర్లిచ్చి, మీకు నచ్చింది ఎంచుకోండి, తల్లిదండ్రుల సంతకం పెట్టి పంపండి అన్నారు. నా భయం సంగతి మీ అందరికీ తెలుసు కదండీ! ప్రభువుకి ఇంకా బాగా తెలుసు. అందుకే పిల్లని నేల మీదే నిలబెట్టి, ఇమానాన్ని ఒక్కదాన్నే పైకి పంపుతున్నాడు. స్తోత్రం!"

"ఆమెన్!" అంది సంఘమంతా. మగవాళ్ళ వైపు నుంచి ఎలీయాజరు గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. పక్కన చాప మీద కూర్చున్న బిందు ఏదో చెప్పబోయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పిల్ల సిగ్గుపడుతోందనుకుంది వరమ్మ.

ఆవిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. పోయిన సార్వా పంటలో వాళ్ళ పక్క చేను గంగరాజు గారు డ్రోనుతో మందు కొట్టించాడు. డ్వాక్రా సంఘం అమ్మాయి ఒకతె చీర కొంగు నడుముకి దోపుకుని, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని గట్టు మీద నిలబడింది. నాలుగు రెక్కల ఇమానం చేనంతా తిరిగి మందు చల్లి, బుద్ధిగా వచ్చి ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర వాలింది. ఊరంతా ఆ అమ్మాయిని "పైలట్ గారూ" అని పిలిచింది. గంగరాజు గారి భార్య మజ్జిగ ఇస్తూ కూడా "తీసుకోండి పైలట్ గారూ" అంది. కాబట్టి బిందు వచ్చి "అమ్మా, పైలట్ ట్రైనింగ్" అన్న రోజున వరమ్మ కళ్ళ ముందు కదిలింది ఆ గట్టూ, ఆ మజ్జిగ గ్లాసూ. కాకపోతే పురుగుల మందు గాలికి మొహాన పడకుండా మాస్కు కట్టుకోవాలని మాత్రం గట్టిగా చెప్పింది.

మంగళవారం తల్లీ కూతుళ్ళు రైలెక్కి ఏలూరు వెళ్ళారు. రెండు స్కూళ్ళలో మొదటిదానికి పవర్‌పేటలో ఆఫీసుంది, బట్టల కొట్టు పైన రెండో అంతస్తులో. ఎగిరే చోటు మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలోనట. లోపల చల్లటి ఏసీ, గోడ నిండా తెల్లటి విమానం బొమ్మ. అలంకారానికి పెట్టుకున్నారనుకుంది వరమ్మ. మెడకి టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. పేరు హర్షవర్ధనట.

"కూర్చోండి ఆంటీ. మా దగ్గర అన్నీ కొత్త మెషీన్లే. బ్యాచ్ వచ్చే నెల ఒకటో తారీఖున మొదలు. వెదర్ బాగుంటే పదినెలల్లో బయటపడిపోతారు" అంటూ ఫారం తీశాడు. "హైటు?"

"అయిదడుగుల మూడంగుళాలు" అంది బిందు.

"వెయిటు?"

వరమ్మకి ఆ ప్రశ్న నచ్చలేదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ఆడపిల్ల బరువు మొహం మీద అడగరు.

"మందు కొట్టడానికి పిల్ల బరువు దేనికి బాబూ?"

"మందా ఆంటీ?"

"అదే, చేలల్లో కొడతారు కదా. ఆ ట్యాంకు మొయ్యాలనా? మా పిల్ల మోస్తాదిలెండి. బిందెతో నీళ్ళు తెస్తాది."

హర్షవర్ధన్ బిందు వైపు చూశాడు. బిందు టైల్సు వైపు చూసింది.

"ఆంటీ, ఇది డ్రోన్ కాదండి. ఎయిర్‌క్రాఫ్ట్. రెండు సీట్లుంటాయి. ఒక సీట్లో నేర్పే సారు, ఇంకో సీట్లో మీ అమ్మాయి. చిన్న మెషీను కదా, ఇద్దరి బరువూ, పెట్రోలు బరువూ కలిపి చూసుకోవాలి. అందుకడిగాను."

"కూర్చునా?"

"కూర్చునే ఆంటీ."

"నేల మీద?"

"మొదట నేల మీదే. తర్వాత పైన."

వరమ్మ చెవుల్లో రైలు కూత మోగింది. పవర్‌పేట స్టేషన్లో నిజంగానే కూస్తోందో, తన తలలోనే కూస్తోందో తెలియలేదు. గోడ మీది తెల్ల విమానం వైపు చూసింది. దాని కిటికీలో, ఇందాక తను గమనించని చోట, ఒక మనిషి తల ఉంది.

"కొన్ని గంటలయ్యాక సోలో కూడా ఉంటుంది" అన్నాడు కుర్రాడు ఉత్సాహంగా. ఆవిడ మొహం చూసి నీళ్ళ సీసా ముందుకు జరిపాడు.

"సోలో అంటే?"

"ఒక్కతే ఆంటీ. సారు దిగిపోతారు."

"ఎక్కడ దిగిపోతాడు? పైనా?"

"అమ్మా!" అంది బిందు.

వరమ్మ నీళ్ళు తాగబోయి సగం చీర మీద పోసుకుంది. ఆ గాభరాలో కూడా ఆవిడకి ఒక్క ప్రశ్న మాత్రం స్పష్టంగా నోటికొచ్చింది.

"మీ దగ్గర పక్షులు ఏ వేళకి లేస్తాయి బాబూ?"

హర్షవర్ధన్‌కి అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. ఈసారి అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పెద్దవాళ్ళని ఊరడించే నవ్వు. "పక్షులా? ఆ సౌండుకి వాటంతటవే తప్పుకుంటాయి ఆంటీ. మీరేం టెన్షన్ పడకండి. మా దగ్గర అలాంటివేం జరగవు."

వరమ్మ లేచి నిలబడింది. "పద" అంది.

తప్పుకుంటాయట! వరమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక. చిన్నప్పుడు తండ్రి తాటి దోనెలో ముందు కూర్చుని నీళ్ళ మీదకి వెళ్ళేది. సంచిలాంటి ముక్కున్న గూడబాతుల్ని పుట్టినప్పటి నుంచీ ఎరుగును. అవి దేనికీ తప్పుకోవు. ఒక్కోటి అయిదారు కిలోల బరువుంటుంది. పక్కకి తిరగాలన్నా వాటికి బోలెడు చోటు కావాలి. రెండేళ్ళ కిందట అన్నగారింటికి వెళ్తుంటే, కైకలూరు రోడ్డు మీద ఒక గూడబాతు చెరువు గట్టు మీంచి లేచి, ఎత్తు అందక, తిన్నగా వచ్చి ఆటో అద్దానికి కొట్టుకుంది. అద్దం పొడి పొడి అయిపోయి, పక్షి వచ్చి డ్రైవరు ఒళ్ళో పడింది. ఆటో నెమ్మదిగా వెళ్తోంది కాబట్టి బతికారు. వెనక సీట్లో వరమ్మ ఒళ్ళోకి గాజు ముక్కలూ తెల్లటి ఈకలూ కలిసి వచ్చి పడ్డాయి. ఆటోకి చప్పుడు లేదా? కొల్లేటి ఆటోకి ఉన్నంత చప్పుడు ఇంక దేనికుంటుంది!

ఇంటికొచ్చాక అరుగు మీద చెప్పు కుట్టుకుంటున్న ఎలీయాజరు ముందు వరమ్మ కూలబడింది.

"ఏవండీ! పిల్ల లోపల కూర్చుంటాదంటండీ! పైకెళ్ళేదాంట్లో, లోపల!"

ఎలీయాజరు సూది పక్కన పెట్టాడు. ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడం చూసి వరమ్మకి రెండోసారి రైలు కూసింది.

"మీకు తెలుసా?"

"తెలుసనుకో."

"తెలిసీ చర్చిలో ఆమెన్ అన్నారా? అందరికంటే గట్టిగా?"

"నువ్వంత సంతోషంగా ఎప్పుడు లేచావే? పెళ్ళయి ఇరవై మూడేళ్ళలో భయం లేకుండా నువ్విచ్చిన మొదటి సాక్ష్యం అది. పాడు చెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు ఆయన. "మెల్లిగా చెబుదామనుకున్నాను. నీకు బీపీ పెరుగుద్దని..."

"ఇప్పుడు తగ్గిందా? దేవుడి ముందు అబద్ధం ఆడించారు నాచేత! ఊరంతా ఆమెన్ అంది దానికి!" వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆ కుర్రాడు పక్షుల సంగతడిగితే నవ్వాడండీ. నవ్వేవాడి చేతిలో పిల్లని పెట్టను. నేను సంతకం పెట్టను. ఇంతే."

బిందు గుమ్మంలో నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఏడవలేదు, అరవలేదు. అదే వరమ్మని ఇంకా భయపెట్టింది.

"అమ్మా, నీకున్నది ఒక్క ప్రశ్నే కదా?"

"ఒక్కటే."

"రెండో స్కూలు నడిపే కెప్టెన్ గారిది తాడేపల్లిగూడెమే. శుక్రవారం వాళ్ళ చెల్లెలి గారింటికి వత్తన్నారంట. ఆ ప్రశ్న ఆయన్నీ అడుగు. ఆయనా నవ్వితే ఫారం నీ ముందే చింపేత్తాను. మళ్ళీ జన్మలో ఇమానం మాట ఎత్తను. నవ్వకపోతే మాత్రం నువ్వు సంతకం పెట్టాలి. ఊఁ అంటావా?"

నవ్వకుండా ఉండే మగాడెవడు అనుకుంది వరమ్మ. ఆ ధైర్యంతోనే ఊఁ అంది.

శుక్రవారం ముగ్గురూ తాడేపల్లిగూడెం వెళ్ళారు. కెప్టెన్ పట్టాభిరామయ్య గారు ఇంటి దగ్గర కాకుండా పాత రన్‌వే దగ్గరికి రమ్మన్నారు. ఎప్పుడో యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే అది. విమానాలు దిగడం మానేసి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు దాని మీద జనం పొద్దున్నే నడుస్తారు, కుర్రాళ్ళు బళ్ళు నేర్చుకుంటారు, కోతలప్పుడు వడ్లు ఎండబోస్తారు. ఆ రోజూ ఒక పక్కంతా వడ్లు పరిచి ఉన్నాయి. కాపలా ముసలమ్మ కర్రతో పిచ్చికల్ని తోలుతోంది.

పట్టాభిరామయ్య గారికి డెబ్భైకి దగ్గరగా ఉంటాయి. యూనిఫారం వేసుకుని ఉంటారనుకున్న వరమ్మకి, తెల్ల పంచె, గళ్ళ చొక్కా, చేతిలో కూరగాయల సంచీతో కనిపించారు. మొదటి మాట బిందుతోనే మాట్లాడారు.

"చూడమ్మా, ముందే చెప్తున్నాను. మా దగ్గర ఉన్నవి రెండే రెండు ఇమానాలు. రెండూ నీకంటే వయసులో పెద్దవి. వచ్చే బ్యాచి ఆర్నెల్ల తర్వాతే. స్కూలున్న ఊరు అనంతపురం దాటి, ఎండ ఊరు. ఆలోచించుకో."

రెండు ఇమానాలు, అవీ పాతవి! వరమ్మ ఎలీయాజరు చెయ్యి పట్టుకుంది. బిందు మొహం వాడిపోయింది. అయినా తల్లి వైపు తిరిగి, అడుగు అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

"అయ్యగారూ" అంది వరమ్మ. "మీ దగ్గర పక్షులు ఏ వేళకి లేస్తాయండీ?"

ఆయన నవ్వలేదు. కూరగాయల సంచీ కింద పెట్టారు.

"ఏ పక్షి అడుగుతున్నారమ్మా?"

వరమ్మ తడబడింది. ఇంకో ప్రశ్న ఎదురొస్తుందని ఆవిడ అనుకోలేదు. "మాకైతే గూడబాతులండి. మీ దగ్గర ఏముంటాయో నాకేం తెలుసు?"

"మా దగ్గర తెల్లారేసరికి కొంగలు రన్‌వే మీదకి దిగుతాయండి, పురుగుల కోసం. జీపేసుకుని రెండుసార్లు తోలి, అవి పోయాయని చూసుకున్నాకే మొదటి ఇమానం లేస్తుంది. తొమ్మిది దాటాక గద్దలు లేస్తాయి. అవి లేచేసరికి కొత్త పిల్లలెవరూ పైన ఉండరు. దించేస్తాం." అంటూ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించారు. దాని నిండా తారీఖులూ, పక్షుల పేర్లూ, టైములూ. చిన్న చిన్న అక్షరాలు, వంకర గీతలు. బడి పుస్తకంలా నలిగిపోయి ఉంది.

"ఎప్పుడైనా తగిలిందా అండీ?" అనేసింది వరమ్మ. తగల్లేదు అంటారనే ఎదురుచూసింది. ఎవరైనా అలాగే అంటారు కదా.

"తగిలిందండి. రెండుసార్లు."

వరమ్మ అక్కడే, వడ్ల పక్కన గోనె పట్టా మీద కూర్చుండిపోయింది. కాపలా ముసలమ్మ "వడ్లమ్మా, వడ్లు!" అని అరిచింది.

"ఒకసారి రెక్కకి. ఒకసారి ముందద్దానికి" అన్నారు ఆయన, ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని. "పక్కన స్టూడెంటు ఉన్నాడు. అద్దం బీటలేసింది. దించేశాను. దించేవరకూ బాగానే ఉన్నానండి. దిగాక చేతులు వణికాయి. గంటసేపు టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. ఆ రోజు నుంచే ఈ పుస్తకం."

"ఆయ్, మా ఆవిడకీ అంతేనండి" అన్నాడు ఎలీయాజరు. "ఆటోకి తగిలిన దగ్గర్నించీ గ్లాసు..."

"మీరుండండి!" అంది వరమ్మ. కళ్ళు పట్టాభిరామయ్య గారి చేతుల మీదే ఉన్నాయి. వణికానని చెప్పుకున్న మగాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు. తన భయాన్ని తీసి పారేయకుండా, దానికి తారీఖు వేసి రాసుకున్న మనిషినీ చూడలేదు. "మరి ఆ సోలోనో ఏదో, అప్పుడు మీరెక్కడుంటారండీ?"

"కింద నిలబడి చూస్తుంటానమ్మా. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఇంకా అలవాటు కాలేదు."

వరమ్మ తనకి తెలియకుండానే చెప్పడం మొదలెట్టింది. గూడబాతులు పొద్దున్నే లేవవు, ఎండ నీళ్ళకి తగిలి గాలి వేడెక్కాకే లేస్తాయి. తొమ్మిదీ పది మధ్యలో ఒకటి లేస్తే దాని వెనకే వంద లేస్తాయి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ మేఘాల దాకా పోతాయి. సాయంత్రం గుంపుగా దిగేటప్పుడు చాలా కిందగా వస్తాయి, అప్పుడే ప్రమాదం. పట్టాభిరామయ్య గారు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, అడ్డు రాకుండా రాసుకున్నారు. "సాయంత్రం ఎన్నింటికండి?" అని ఒక్కసారి మాత్రం అడిగారు. ఆవిడ చెప్పిన టైము కింద గీత గీశారు.

ఆయన కలం మూత పెట్టాకే వరమ్మకి గుర్తొచ్చింది, ఈ మనిషి నవ్వలేదని. తను పందెం ఓడిపోయింది.

బిందు కూడా ఒకటి ఓడిపోయింది. కొత్త ఇమానాలూ, వచ్చే నెల ఒకటో తారీఖూ. ఆర్నెల్లు ఇంట్లో కూర్చోవాలి. అయినా బ్యాగులోంచి ఫారం తీసి, రెండో స్కూలు పేరు దగ్గర టిక్కు పెట్టి, తల్లికి ఇచ్చింది. "అమ్మా, ఇక్కడ."

"పాత ఇమానాలే బిందూ. బాగా పాతవంట."

"విన్నాను."

"ఆర్నెల్లంట."

"విన్నానమ్మా. నీ ప్రశ్నకి జవాబు ఒక్క చోటే ఉంది కదా. నాకూ ఇప్పుడు అదే భయమేసింది" అంది బిందు. నవ్వుతూ కాదు, నిజంగానే.

వరమ్మ గోనె పట్టా మీదే కూర్చుని, కూరగాయల సంచీ మీద కాగితం పెట్టుకుని, ఏడో క్లాసు అక్షరాలతో పేరు రాసింది. 'వ' దగ్గర కలం జారింది. దొండకాయల మీద రాస్తే అంతేనండి అన్నారు పట్టాభిరామయ్య గారు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో వరమ్మ చివరిదాకా లేవలేదు. పాస్టరు గారు పుస్తకం మూయబోతుంటే లేచింది. ఎలీయాజరు తల దించుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. పోయిన వారం మీ అందరి ముందూ నేనొక మాట చెప్పానండి. మీరు ఆమెన్ అన్నారు. అది తప్పంట. నేను తెలియక చెప్పాను, ప్రభువు నన్ను క్షమించాలి." కొంగు చేతికి గట్టిగా చుట్టుకుంది. "పిల్ల నేల మీద నిలబడదండి. లోపల కూర్చుంటది. పైకెళ్తది. కొన్నాళ్ళకి ఒక్కతే వెళ్తదంట. నేను సంతకం పెట్టానండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. ముందు వరసలో ఒకావిడ చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవై మూడేళ్ళుగా వరమ్మ చెప్పిన భయాలన్నిటికీ ఆమెన్ అన్న సంఘం, ఇవాళ మొదటిసారి తనే భయపడిపోయి కూర్చుంది. వరమ్మకి ఒక్క క్షణం, సంతకం చేసిన కాగితం పోస్టులోంచి వెనక్కి లాక్కోవాలనిపించింది.

అప్పుడు కనకమ్మ గారు గొలుసు ప్రార్థన పుస్తకం తెరిచి, కొత్త కాగితం తిప్పి, కలం మూత పళ్ళతో లాగింది.

"ఏమే వరమ్మా, ఆ పిల్ల ఏ వేళకి ఎగురుద్దో చెప్పు. ఆ గంట రాసుకుంటాను."

"ఆర్నెల్ల తర్వాతండి."

"నెల కాదే, గంట అడిగాను."

"పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదిలోపండి" అంది వరమ్మ. "కొంగల్ని తోలేశాక, గద్దలు లేవకముందు."

కనకమ్మ గారు రాసుకుంది. రాసింది బిగ్గరగా ఒకసారి చదివింది. అప్పుడు సంఘం ఆమెన్ అంది, మెల్లిగా.